ఫ్లాష్ టూల్‌కి ఫోన్ కనపడనప్పుడు: విండోస్‌లో డ్రైవర్ల గొడవ తీర్చే పద్ధతి

ఫ్లాష్ టూల్ అంటే పీసీ నుంచి ఫోన్‌లోకి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ రాసే ప్రోగ్రామ్, అలా రాయడమే ఫ్లాషింగ్. ఒకే ఫోన్ విండోస్‌కి అయిదారు వేర్వేరు పరికరాలుగా కనిపిస్తుంది. ఆన్‌లో ఉండి యూఎస్‌బీ డీబగ్గింగ్ వేసి ఉంటే ఒకటి, రికవరీలో (రిపేర్ల కోసం ఉండే చిన్న సిస్టమ్‌లో) ఇంకొకటి, ఫాస్ట్‌బూట్‌లో (సిస్టమ్ మొదలవకముందే పీసీ కమాండ్‌లు అందుకునే మోడ్‌లో) మరొకటి, సిస్టమ్ మొత్తం పోయి చిప్ లోపలే ఉండే తొలి ప్రోగ్రామ్ బూట్ రోమ్ ఒక్కటే పలుకుతున్నప్పుడు వేరొకటి. ఒక్కో అవతారానికి ఒక్కో ఐడీ, ఒక్కో డ్రైవర్. ఫోన్‌లోంచి ఫొటోలు కాపీ అవుతున్నాయి కాబట్టి డ్రైవర్ బాగానే ఉందనుకోవడం ఇక్కడే తప్పుతుంది. ఫొటోలు కాపీ చేసే ఎంటీపీ డ్రైవర్‌కీ, ఫ్లాషింగ్‌కి కావలసిన డ్రైవర్‌కీ సంబంధమే లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. ఒకే ఐడీని రెండు టూల్స్ రెండు రకాల డ్రైవర్ల మీద అడుగుతాయి. విండోస్ ఒక పరికరానికి ఒక సమయంలో ఒక్క డ్రైవర్‌నే కట్టగలదు. డ్రైవర్ కాన్‌ఫ్లిక్ట్ అని అందరూ అనేది చాలావరకు ఇదే. డ్రైవర్ లేకపోవడం కాదు, ఉన్న డ్రైవర్ మీ టూల్‌కి పనికొచ్చేది కాకపోవడం. అందుకే "ఆల్ ఇన్ వన్ డ్రైవర్ ప్యాక్" వేస్తే సమస్య తగ్గదు, పెరుగుతుంది. ఆ ప్యాక్‌లోని డ్రైవర్లలో మీకు కావలసింది ఒకటో రెండో. మిగతావి డ్రైవర్ స్టోర్‌లో (విండోస్ డ్రైవర్లు దాచుకునే చోట) కూర్చుని, కొత్త ఫోన్ తగిలించినప్పుడల్లా మేమున్నామంటూ పోటీకి వస్తాయి.

ముందు ఐడీ పట్టుకోండి

ఏ డ్రైవర్ జోలికీ పోకముందు ఫోన్‌ని ఫ్లాష్ చేయబోయే మోడ్‌లోనే పెట్టి కేబుల్ తగిలించండి. డివైస్ మేనేజర్ తెరిచి, కొత్తగా వచ్చిన పరికరం మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వీఐడీ (కంపెనీ గుర్తు), పీఐడీ (పరికరం గుర్తు) అని నాలుగేసి అక్షరాలు కనిపిస్తాయి. కథంతా ఆ ఎనిమిది అక్షరాల్లో ఉంది.

తరచుగా తగిలేవి ఇవి. 05సీ6, 9008 అంటే క్వాల్‌కామ్ ఈడీఎల్ మోడ్, ఆ చిప్‌ల అత్యవసర డౌన్‌లోడ్ మోడ్. అదే 05సీ6 పక్కన 900ఈ ఉంటే అది ఈడీఎల్ కాదు. ఫోన్ క్రాష్ అయ్యి మెమరీ డంప్ స్థితిలో నిలబడిపోయింది, ఎంత మంచి డ్రైవర్ వేసినా అక్కడ ఫ్లాషింగ్ జరగదు. 0ఈ8డీ అంటే మీడియాటెక్: పీఐడీ 0003 అయితే బూట్ రోమ్, 2000 అయితే దాని తర్వాత నడిచే ప్రీలోడర్, ఫ్లాషింగ్ మొదలయ్యాక వచ్చే 2001 టూల్ ఫోన్‌లోకి పంపే డౌన్‌లోడ్ ఏజెంట్‌ది. 04ఈ8, 685డీ శాంసంగ్ డౌన్‌లోడ్ మోడ్. 1782, 4డీ00 అంటే స్ప్రెడ్‌ట్రమ్, అంటే ఇప్పటి యూనిసాక్. 18డీ1 గూగుల్ ఐడీ. దాని పక్కన 4ఈఈ0 పిక్సెల్ ఫాస్ట్‌బూట్, డీ00డీ షావోమీతో సహా చాలా కంపెనీల ఫాస్ట్‌బూట్, డీ001 రికవరీలోని ఏడీబీ (పీసీ నుంచి ఫోన్‌కి కమాండ్‌లు పంపే దారి).

కేబుల్ తగిలించినా డివైస్ మేనేజర్ ఒక్కసారి కూడా రిఫ్రెష్ కాకపోతే డ్రైవర్ గురించి ఆలోచించకండి. డ్రైవర్ లేని పరికరం కూడా పసుపు త్రికోణంతో కనిపించి తీరుతుంది. ఏమీ రాలేదంటే కేబుల్‌లో డేటా తీగలు లేవు, లేదా ఫోన్ ఆ మోడ్‌లోకి వెళ్లనే లేదు. "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని కోడ్ 43తో వచ్చినా అంతే. ఫోన్ తన ఐడీనే చెప్పలేకపోయింది, ఇక విండోస్ దేనికి డ్రైవర్ వెతుకుతుంది? కేబుల్, పోర్ట్, ఫోన్ ఛార్జింగ్ జాక్ చూసుకోండి. టైప్ సీ నుంచి టైప్ సీ కేబుల్‌తో ఇబ్బందిపడే ఫోన్ మామూలు టైప్ ఏ నుంచి సీ కేబుల్‌తో ఒక్కోసారి వెంటనే పలుకుతుంది. డెస్క్‌టాప్ అయితే ముందు ప్యానెల్ పోర్ట్‌లు వదిలేసి వెనక మదర్‌బోర్డ్ పోర్ట్‌కే పెట్టండి.

మిగతా కోడ్‌లు త్వరగా: 28 అంటే డ్రైవర్ అసలు వేయలేదు. 10 అంటే వేశారు కానీ మొదలవలేదు, చాలాసార్లు తప్పు డ్రైవర్. 52 అంటే డిజిటల్ సంతకం ఒప్పుకోలేదు. 39 అంటే డ్రైవర్ ఫైల్ పాడైంది, లేదా విండోస్ దాన్ని లోడ్ కానివ్వలేదు.

ఏ టూల్‌కి ఏ డ్రైవర్

కాన్‌ఫ్లిక్ట్‌లలో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. టూల్స్‌ని రెండు వర్గాలుగా అనుకోండి. మొదటి వర్గం ఫోన్‌తో కామ్ పోర్ట్ (విండోస్ నంబర్ ఇచ్చే సీరియల్ పోర్ట్) ద్వారా మాట్లాడుతుంది: శాంసంగ్‌కి ఓడిన్, మీడియాటెక్‌కి ఎస్‌పీ ఫ్లాష్ టూల్, క్వాల్‌కామ్‌కి క్యూఫిల్, ఈడీఎల్‌లో మీఫ్లాష్. వీటికి కంపెనీ ఇచ్చే సీరియల్ లేదా మోడెమ్ డ్రైవర్ ఉండాలి. రెండో వర్గం యూఎస్‌బీతో నేరుగా మాట్లాడేది: శాంసంగ్‌కి హైమ్‌డాల్, మీడియాటెక్‌కి ఎంటీకేక్లయింట్, క్వాల్‌కామ్‌కి పైథాన్‌లో రాసిన ఈడీఎల్ టూల్. ఇవి లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ మీద నడుస్తాయి కాబట్టి కామ్ పోర్ట్ వాటికి అక్కర్లేదు. విన్‌యూఎస్‌బీయో, యూఎస్‌బీడీకేనో అనే డ్రైవర్ కావాలి.

ఇప్పుడు గొడవ ఎలా పుడుతుందో చూడండి. ఎవరో హైమ్‌డాల్ గైడ్ చదివి, జాడిగ్ (పరికరానికి డ్రైవర్ మార్చే టూల్) తెరిచి, "గ్యాడ్జెట్ సీరియల్" అని కనిపించిన దానికి విన్‌యూఎస్‌బీ వేశారు. పని అయింది. నెల తర్వాత అదే పీసీలో ఓడిన్ తెరిస్తే ఐడీ కామ్ గడి ఖాళీగా ఉంటుంది. శాంసంగ్ డ్రైవర్ ఎన్నిసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా రాదు. ఎందుకంటే ఆ ఫోన్‌కి జాడిగ్ డ్రైవర్ ఇప్పటికే కట్టి ఉంది. పరికరం పనిచేస్తూనే ఉంది కాబట్టి విండోస్ దాన్ని తీసి వేరేది పెట్టే ప్రయత్నం చేయదు. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ఏ శీర్షిక కింద ఉందో చూస్తే చాలు, సంగతి అర్థమవుతుంది. మోడెమ్స్ కింద "శాంసంగ్ మొబైల్ యూఎస్‌బీ మోడెమ్" అని ఉంటే ఓడిన్‌కి పనికొస్తుంది. "యూనివర్సల్ సీరియల్ బస్ డివైసెస్" కింద "గ్యాడ్జెట్ సీరియల్" అని ఉంటే హైమ్‌డాల్‌కి.

క్వాల్‌కామ్‌లోనూ ఇదే గుర్తు. "పోర్ట్స్" కింద "క్వాల్‌కామ్ హెచ్‌ఎస్-యూఎస్‌బీ క్యూడీలోడర్ 9008" అని కామ్ నంబర్‌తో వస్తే క్యూఫిల్ సిద్ధం. "క్యూహెచ్‌ఎస్‌యూఎస్‌బీ బల్క్" అనో, "క్యూయూఎస్‌బీ బల్క్ సీఐడీ" అంటూ పొడుగాటి అంకెలతోనో వస్తే డ్రైవర్ లేదు, లేదా విన్‌యూఎస్‌బీ కట్టి ఉంది. పసుపు త్రికోణం ఉంటే మొదటిది, లేకపోతే రెండోది.

జాడిగ్ మంచి టూలే, కానీ కత్తి లాంటిది. "లిస్ట్ ఆల్ డివైసెస్" టిక్ చేసిన తర్వాత జాబితాలో మీ కీబోర్డ్, మౌస్ కూడా ఉంటాయి. తప్పు వరుస ఎంచుకుని రీప్లేస్ డ్రైవర్ నొక్కితే మౌస్ అక్కడికక్కడే ఆగిపోతుంది. "ఇగ్నోర్ హబ్స్ ఆర్ కాంపోజిట్ పేరెంట్స్" అన్న టిక్ అసలు తీయకండి. ఫోన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఎంటీపీ, ఏడీబీ రెండూ ఒక కాంపోజిట్ పరికరం కింద పిల్లలుగా ఉంటాయి. తల్లికే విన్‌యూఎస్‌బీ వేస్తే పిల్లలిద్దరూ మాయమవుతారు. ఇంకో మాట: ఫాస్ట్‌బూట్ పరికరానికి జాడిగ్ వాడకపోవడమే మేలు. ఫాస్ట్‌బూట్ ప్రోగ్రామ్ విన్‌యూఎస్‌బీ మీదే నడుస్తుంది, నిజమే. కానీ ఆండ్రాయిడ్‌కి కేటాయించిన ఇంటర్‌ఫేస్ జీయూఐడీ (ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్య) ఉన్న పరికరాన్నే అది వెతుక్కుంటుంది. జాడిగ్ రాసే జీయూఐడీ వేరేది కావచ్చు కాబట్టి, డివైస్ మేనేజర్‌లో అంతా పచ్చగా ఉన్నా ఫాస్ట్‌బూట్ డివైసెస్ కొడితే ఖాళీ రావచ్చు. దానికి గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ ఉంది, అదే వేయండి.

పాతది తీసెయ్యడం

ఇక్కడి నుంచి కమాండ్‌లన్నీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో. తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టైప్ చేయాల్సింది ఇంగ్లీషులోనేనని వేరే చెప్పక్కర్లేదు.

ముందు ఉన్న డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి, విండోస్‌తోనే వచ్చే పీఎన్‌పీయుటిల్ అనే టూల్‌తో భద్రం చేసుకోండి: పీఎన్‌పీయుటిల్ /ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ * అని కొట్టి, పక్కన ఖాళీ ఫోల్డర్ దారి ఇవ్వాలి. ఏదైనా తేడా జరిగితే వెనక్కి తెచ్చుకోవడానికి.

తర్వాత ఫోన్ అదే మోడ్‌లో తగిలి ఉండగా, డివైస్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్. కింద వచ్చే చిన్న గడిలో డ్రైవర్‌ని కూడా తీసెయ్యమనే టిక్ తప్పకుండా పెట్టండి. చాలామంది ఈ టిక్ పెట్టరు. అప్పుడు పరికరం పోతుంది, డ్రైవర్ స్టోర్‌లోనే ఉంటుంది. కేబుల్ మళ్లీ పెట్టగానే అదే డ్రైవర్ తిరిగొస్తుంది. "పది సార్లు తీశాను, మళ్లీ వస్తోంది" అనేవాళ్లలో ఎక్కువమంది సంగతి ఇదే.

టిక్ పెట్టి తీసి, యాక్షన్ మెనూలో స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్ నొక్కండి. దాని స్థానంలో ఇంకో పాత డ్రైవర్ పైకి తేలితే అది కూడా తీయండి. అలా పరికరం పసుపు త్రికోణంతో, కోడ్ 28తో నిలబడేదాకా తీస్తూనే ఉండాలి. విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ డ్రైవర్ పైకి వచ్చినా ఆగొచ్చు, దాన్ని తీయనవసరం లేదు.

డివైస్ మేనేజర్‌లో తేలని పాత సామాను కోసం పీఎన్‌పీయుటిల్ /ఎనమ్-డ్రైవర్స్ కొట్టండి. ఒక్కో డ్రైవర్‌కి విండోస్ పెట్టిన పేరు ఓఈఎమ్, అంకె, .ఐఎన్‌ఎఫ్ అనే రూపంలో ఉంటుంది. దాని కిందే అసలు పేరు, ప్రొవైడర్, తరగతి ఉంటాయి. ప్రొవైడర్ దగ్గర లిబ్‌డబ్ల్యూడీఐ అని ఉంటే జాడిగ్ వేసింది. మీడియాటెక్, క్వాల్‌కామ్ పేర్లతో మూడు నాలుగు వెర్షన్‌లు పోగుపడి ఉంటే, పనికిరానివి ఒక్కొక్కటిగా పీఎన్‌పీయుటిల్ /డిలీట్-డ్రైవర్ తర్వాత ఆ ఓఈఎమ్ పేరు, చివర /అన్‌ఇన్‌స్టాల్ పెట్టి తీయండి. /ఫోర్స్ అనేది ఆఖరి అస్త్రం. ల్యాప్‌టాప్ అయితే ఇంకో జాగ్రత్త: క్వాల్‌కామ్ పేరుతో ఉన్నవన్నీ ఫోన్ డ్రైవర్లు కావు, మీ వైఫై కార్డ్ డ్రైవర్ కూడా అదే పేరుతో ఉండొచ్చు. తరగతి "పోర్ట్స్" అనో "మోడెమ్" అనో ఉన్నవే మీకు సంబంధించినవి.

కమాండ్‌లు ఇష్టం లేనివాళ్లకి డ్రైవర్ స్టోర్ ఎక్స్‌ప్లోరర్ ఇదే పని మౌస్‌తో చేసి పెడుతుంది. ఏ డ్రైవర్ ఎందుకు కట్టబడిందో తెలియాలంటే మాత్రం విండోస్ ఫోల్డర్‌లో ఐఎన్‌ఎఫ్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో సెటప్‌ఏపీఐ.డెవ్.లాగ్ చూడాలి. మీ వీఐడీతో చివరి నుంచి పైకి వెతికితే, పోటీకి వచ్చిన డ్రైవర్లన్నీ, వాటి ర్యాంక్, గెలిచినది వరుసగా కనిపిస్తాయి. పేర్చిన విధానం పరమ ఏవగింపుగా ఉంటుంది, కానీ ఊహల కన్నా నయం.

ఒక పోర్ట్‌లో పనిచేసి ఇంకో పోర్ట్‌లో ఎందుకు చేయదు

విండోస్ డ్రైవర్ ఎంచుకునేటప్పుడు, సంతకం విషయంలో సమానమైనవాటిలో, ఐడీతో నేరుగా కలిసే డ్రైవర్‌కి ముందు మార్కులు వేస్తుంది. "ఈ తరగతి పరికరం ఏదైనా సరే" అనే సాధారణ డ్రైవర్‌కి తర్వాత. ఇద్దరు సమానమైతే కొత్త తేదీ ఉన్నదానికి, తేదీ కూడా ఒకటే అయితే పెద్ద వెర్షన్ అంకెకి. మీరు చేత్తో వేసిన డ్రైవర్‌కి ఈ పోటీలో ఎక్కువ మార్కులు ఉండక్కర్లేదు, ఎందుకంటే ఆ పరికరానికి అది బలవంతంగా కట్టబడింది.

కానీ ఆ పరికరం అంటే ఏది? ఫాస్ట్‌బూట్‌లో ఫోన్ తన సీరియల్ నంబర్ చెబుతుంది. కాబట్టి ఏ పోర్ట్‌లో పెట్టినా విండోస్ దాన్ని పాతదిగానే గుర్తుపడుతుంది. మీడియాటెక్ బూట్ రోమ్, క్వాల్‌కామ్ ఈడీఎల్ మామూలుగా యూఎస్‌బీ సీరియల్ నంబర్ ఇవ్వవు. అప్పుడు విండోస్ పోర్ట్‌నే గుర్తుగా పెట్టుకుంటుంది. పక్క పోర్ట్‌కి మార్చారంటే దాని లెక్కలో అది కొత్త పరికరం. పోటీ మొదటి నుంచి మళ్లీ జరుగుతుంది, ఈసారి వేరే డ్రైవర్ గెలవొచ్చు, కామ్ నంబర్ కూడా మారుతుంది. సర్వీస్ షాప్ పీసీల్లో ఫ్లాషింగ్‌కి ఒకే పోర్ట్, ఒకే కేబుల్ అని గుర్తు పెట్టుకునే అలవాటు వెనక ఉన్న లెక్క ఇదే. డ్రైవర్ వేసిన పోర్ట్‌లోనే ఫ్లాష్ చేయండి.

సంతకం దగ్గర ఆగిపోతే

64 బిట్ విండోస్ సంతకం లేని కర్నెల్ డ్రైవర్‌ని లోడ్ చేయదు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ దాకా వెళ్లి 7 నొక్కితే ఆ ఒక్క బూట్‌కి తనిఖీ ఆగుతుంది. దీన్ని మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి, దారిలో అడగవచ్చు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది. కొన్ని డ్రైవర్ ప్యాకేజీలు తమ సొంత .సిస్ ఫైల్ (డ్రైవర్ అసలు కోడ్) తెస్తాయి. కొన్ని కేవలం .ఐఎన్‌ఎఫ్ ఫైల్ (ఇన్‌స్టాల్ సూచనలు) మాత్రమే, లోపల వాడేది విండోస్‌లోనే ఉన్న యూఎస్‌బీసెర్ లేదా విన్‌యూఎస్‌బీ. రెండో రకానికి సంతకం చూసేది ఇన్‌స్టాల్ చేసేటప్పుడే. ఒకసారి 7 నొక్కి వేసేస్తే తర్వాత మామూలు బూట్‌లో కూడా పనిచేస్తుంది, ఎందుకంటే లోడ్ అయ్యేది మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న ఫైలే. మొదటి రకం అయితే మర్నాడు పీసీ ఆన్ చేయగానే కోడ్ 52 వస్తుంది. దానికి శాశ్వతంగా టెస్ట్ సైనింగ్ (పరీక్ష సంతకాలనూ ఒప్పుకునే మోడ్) పెట్టమని, సెక్యూర్ బూట్ తీసెయ్యమని సలహాలు దొరుకుతాయి. బ్యాంక్ పనులు కూడా చేసుకునే పీసీలో అది వద్దు. సంతకం ఉన్న కొత్త వెర్షన్ వెతుక్కోవడమే సరైన దారి.

సంతకం ఉన్నా పాత డ్రైవర్ లోడ్ కాకపోతే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ చూడండి. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే దానికి సరిపడని డ్రైవర్లను ఆపేస్తుంది. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ అయితే వెతకడం మానండి. ఇంటెల్, ఏఎమ్‌డీ కోసం రాసిన కర్నెల్ డ్రైవర్ అందులో లోడ్ కాదు.

ఫాస్ట్‌బూట్ ఇబ్బందులు

గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ విప్పిన ఫోల్డర్‌లో ఆండ్రాయిడ్_విన్‌యూఎస్‌బీ.ఐఎన్‌ఎఫ్ ఉంటుంది. దాన్ని ఆటోమేటిక్‌గా వెతకమంటే చాలా ఫోన్‌లకి దొరకదు, ఎందుకంటే ఆ ఫైల్‌లో ప్రతి కంపెనీ ఐడీ లేదు. అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్, హ్యావ్ డిస్క్ అన్న వరుసలో వెళ్లి ఆ ఫైల్ చూపించి, "ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్" ఎంచుకోండి. ఇది మీ పరికరానికి సరిపోతుందో లేదో తెలియదని విండోస్ హెచ్చరిస్తుంది. ఐడీ ఫాస్ట్‌బూట్‌దేనని ముందే చూసుకున్నారు కాబట్టి యెస్ నొక్కండి. చాలా ఫోన్‌లకి విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్‌లో కూడా ఇది దొరుకుతుంది.

ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్‌ల నుంచి డైనమిక్ పార్టిషన్‌లు (సూపర్ అనే ఒక పెద్ద పార్టిషన్ లోపల సైజు మార్చుకోగల భాగాలు) వచ్చాయి. సూపర్ పార్టిషన్ లోపలి సిస్టమ్, వెండర్ రాయడానికి ఫోన్ బూట్‌లోడర్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఫాస్ట్‌బూట్ వదిలి ఫాస్ట్‌బూట్‌డీ అనే ఇంకో మోడ్‌లోకి రీబూట్ అవుతుంది. కొన్ని ఫోన్‌లలో అక్కడ ఐడీ మారిపోతుంది. ఫలితం: సగం ఫైల్స్ రాసేశాక స్క్రిప్ట్ "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" దగ్గర నిలబడిపోతుంది. కంగారుపడి కేబుల్ పీకకండి. స్క్రిప్ట్ అలాగే ఉంచి, డివైస్ మేనేజర్‌లో కొత్తగా వచ్చిన పసుపు త్రికోణానికి పైన చెప్పినట్టే డ్రైవర్ వేస్తే, ఆగిన చోటు నుంచి తనే కదులుతుంది. అసలు మంచిది ఫ్లాషింగ్ మొదలుపెట్టకముందే ఫాస్ట్‌బూట్ రీబూట్ ఫాస్ట్‌బూట్ కొట్టి ఆ మోడ్‌కి కూడా డ్రైవర్ వేసి పెట్టుకోవడం. రికవరీలో సైడ్‌లోడ్ (ఏడీబీతో అప్‌డేట్ ఫైల్ పంపడం) చేయబోయేవాళ్లు ఆ ఐడీకి కూడా అంతే.

కొన్ని షావోమీ ఫోన్‌లు ఫాస్ట్‌బూట్‌లో కేబుల్ పెట్టి కమాండ్ ఇవ్వగానే నల్లటి తెర మీద మూలన చిన్న అక్షరాలతో "ప్రెస్ ఎనీ కీ టు షట్‌డౌన్" చూపిస్తాయి. యూఎస్‌బీ 3 పోర్ట్‌లలో, ముఖ్యంగా ఏఎమ్‌డీ పీసీల్లో ఇది ఎక్కువ. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా పోదు. విండోస్ పరికరాన్ని గుర్తించేటప్పుడు అడిగే కొన్ని అదనపు డిస్క్రిప్టర్‌లకి (పరికరం తన గురించి ఇచ్చే వివరాలకి) ఆ బూట్‌లోడర్ సరిగా జవాబు చెప్పలేదు. తేలిక మార్గం మధ్యలో ఒక పాత యూఎస్‌బీ 2 హబ్ పెట్టడం. హబ్ లేకపోతే రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, యూఎస్‌బీఫ్లాగ్స్ కింద 18డీ1డీ00డీ0100 అనే కీ తయారుచేసి మూడు బైనరీ విలువలు పెట్టాలి: ఓఎస్‌వీసీకి 0000, స్కిప్‌కంటైనర్‌ఐడీక్వెరీకి 01000000, స్కిప్‌బీఓఎస్‌డిస్క్రిప్టర్‌క్వెరీకి 01000000. కీ పేరులో వరుసగా ఉన్నవి వీఐడీ, పీఐడీ, రివిజన్. మీ ఫోన్ హార్డ్‌వేర్ ఐడీలో రివిజన్ వేరేగా ఉంటే చివరి నాలుగు అంకెలు దాని ప్రకారం మార్చుకోండి. తర్వాత కేబుల్ తీసి పెట్టాలి.

మీడియాటెక్: టైమ్ తక్కువ

ఆపేసిన మీడియాటెక్ ఫోన్‌కి కేబుల్ పెడితే ప్రీలోడర్ కొన్ని క్షణాలు మాత్రమే కనిపించి మాయమవుతుంది, ఫోన్ ఛార్జింగ్ బొమ్మ చూపిస్తుంది. ఆ కొద్ది సేపట్లో రైట్ క్లిక్ చేసి డ్రైవర్ వేయడం మనిషి వల్ల అయ్యే పని కాదు. దానికి చాలా గైడ్‌లు "యాడ్ లెగసీ హార్డ్‌వేర్" దారి చెబుతాయి. అది లేని పరికరాన్ని ఒకదాన్ని సృష్టించి కోడ్ 10తో శాశ్వతంగా వదిలేస్తుంది. అంతకన్నా శుభ్రమైన పద్ధతి, డ్రైవర్ విప్పిన ఫోల్డర్‌లోకి వెళ్లి పీఎన్‌పీయుటిల్ /యాడ్-డ్రైవర్ *.ఐఎన్‌ఎఫ్ /ఇన్‌స్టాల్ కొట్టడం. ఫోన్ తగలకుండానే డ్రైవర్ స్టోర్‌లో చేరుతుంది. తర్వాత ఫోన్ కనిపించిన క్షణంలో విండోస్ తనే కడుతుంది. మొదటిసారి కట్టడానికే ఆ సమయం అయిపోతుంది కాబట్టి టూల్‌లో డౌన్‌లోడ్ నొక్కి ఉంచి రెండోసారి పెట్టండి.

ఎంటీకేక్లయింట్ కోసం యూఎస్‌బీడీకే వేసిన పీసీలో ఎస్‌పీ ఫ్లాష్ టూల్ మొరాయిస్తే, ముందు యూఎస్‌బీడీకేని సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచి తీసి రీస్టార్ట్ చేసి చూడండి. అది ఫిల్టర్ డ్రైవర్, ఏ ఒక్క ఫోన్ కిందో కాక యూఎస్‌బీ మొత్తానికి అడ్డంగా కూర్చుంటుంది. రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్ చేత్తో చెరిపేయమనే సలహాలు పాటించకండి. తప్పు చోట చెరిపితే కీబోర్డ్, మౌస్ రెండూ పోతాయి, తిరిగి సరిచేయడానికి చేతిలో ఏమీ మిగలదు.

పోర్ట్ ఇంకెవరో పట్టుకుంటే

కామ్ పోర్ట్‌ని ఒకసారికి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. వెనక ఇంకో ఫ్లాష్ టూల్ తెరిచి ఉన్నా, ఫోన్ కంపెనీ పీసీ సూట్ నడుస్తున్నా చాలు. ఓడిన్ "యాడెడ్" అని చూపించి "సెటప్‌కనెక్షన్" దగ్గర ఆగితే శాంసంగ్ పీసీ సూట్‌లైన స్మార్ట్ స్విచ్, కీస్ ప్రాసెస్‌లు టాస్క్ మేనేజర్‌లో ఉన్నాయేమో చూడండి. వీఎమ్‌వేర్ ఉన్న పీసీలో దాని యూఎస్‌బీ ఆర్బిట్రేషన్ సర్వీస్ ఫోన్‌ని వర్చువల్ మెషీన్‌కి లాక్కుపోతుంది. సర్వీసెస్‌లో దాన్ని ఆపండి.

క్వాల్‌కామ్ ఈడీఎల్‌లో ఇది ఇంకా సున్నితం. కనెక్ట్ కాగానే ఫోన్ సహారా అనే క్వాల్‌కామ్ ప్రోటోకాల్‌లో ఒక్కసారి హలో ప్యాకెట్ పంపుతుంది. దాన్ని వేరే ప్రోగ్రామ్ చదివేస్తే, మీఫ్లాష్‌లో "కెనాట్ రిసీవ్ హలో ప్యాకెట్" వస్తుంది. డ్రైవర్ బాగానే ఉంది, ప్యాకెట్ ఖర్చయిపోయింది, అంతే. పవర్ బటన్ పట్టుకుని ఫోన్‌ని ఈడీఎల్ నుంచి బయటికి తెచ్చి, లేదా బ్యాటరీ కనెక్టర్ తీసి, మళ్లీ టెస్ట్ పాయింట్‌తో (బోర్డ్ మీద షార్ట్ చేసే బిందువుతో) ప్రవేశపెట్టి వెంటనే ఫ్లాష్ నొక్కాలి.

ఏడీబీలో గొడవ వేరే రకం. "ఏడీబీ సర్వర్ వెర్షన్ డజంట్ మ్యాచ్ దిస్ క్లయింట్" అని వస్తే ఒకే పీసీలో రెండు మూడు ఏడీబీలు ఉన్నాయి, అన్నీ 5037 పోర్ట్ కోసం ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. వేర్ ఏడీబీ అని కొడితే పాత్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లు వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉన్నవి బయటపడతాయి. గూగుల్ ప్లాట్‌ఫామ్ టూల్స్ ఒక్కటి ఉంచండి. ఏదో టూల్ తన ఫోల్డర్‌లోంచి సొంత ఏడీబీ నడుపుతుంటే దాన్ని మూసేయండి. "అన్‌ఆథరైజ్డ్" అని వస్తే డ్రైవర్ పని అయిపోయినట్టే, ఫోన్ తెర మీద అనుమతి నొక్కాలి.

డ్రైవర్ కానివి

ఫాస్ట్‌బూట్ చెప్పే తప్పులో "రిమోట్" అన్న మాట ఉంటే డ్రైవర్‌ని ముట్టుకోకండి. ఆ జవాబు ఫోన్ నుంచే వచ్చింది, అంటే దారి పూర్తిగా తెరిచే ఉంది. బూట్‌లోడర్ లాక్ ఉండొచ్చు, పార్టిషన్ పేరు తప్పు కావచ్చు. "రైట్ టు డివైస్ ఫెయిల్డ్", "స్టేటస్ రీడ్ ఫెయిల్డ్" లాంటివి మాత్రం కేబుల్, పోర్ట్, డ్రైవర్ తరఫువి. ఎస్‌పీ ఫ్లాష్ టూల్‌లో 4032 వస్తే అది ఫోన్ ర్యామ్‌ని మొదలుపెట్టలేకపోవడం: సాధారణంగా వేరే మోడల్ ఫర్మ్‌వేర్ ఎంచుకున్నారని అర్థం. అక్కడ విసిగిపోయి ఫార్మాట్ ఆల్ నొక్కితే ఐఎమ్‌ఈఐ కూడా పోతుంది. మీఫ్లాష్ ఈడీఎల్‌లో అకౌంట్ అనుమతి అడిగితే అది కంపెనీ తాళం, డ్రైవర్ తీర్చేది కాదు.

విండోస్ ఎంతకీ లొంగకపోతే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. ఫాస్ట్‌బూట్, హైమ్‌డాల్, ఎంటీకేక్లయింట్‌లకి అక్కడ వేరే డ్రైవర్ వేయాల్సిన పని లేదు. "నో పర్మిషన్స్" వస్తే యూడెవ్ రూల్స్ (పరికరాలకి అనుమతులిచ్చే నియమాలు) పెట్టాలి, తొందరలో ఉంటే సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపాలి. అక్కడ కూడా ఒక పోటీదారు ఉన్నాడు. మోడెమ్‌మేనేజర్ అనే సర్వీస్ కొత్తగా కనిపించిన సీరియల్ పోర్ట్‌ని మోడెమ్ కావచ్చని తట్టి చూస్తుంది, మీడియాటెక్, క్వాల్‌కామ్ ఫోన్‌ల మొదటి మాటలు అదే మింగేస్తుంది. ఫోన్ తగిలించకముందే సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మోడెమ్‌మేనేజర్ కొట్టండి. పేరులో రెండు ఎమ్‌లూ పెద్ద అక్షరాలే.